కరివేపాకు సారం తీయించడానికి సూపర్ క్రిటికల్ యూనిట్‌కు వెళ్లాను: రెండు విడతల అనుభవం

మాది కోనసీమలోని అంబాజీపేట దగ్గర ఒక లంక గ్రామం. ఇంటి వెనుక షెడ్డులో ఎండుకొబ్బరి గానుగ ఆడించి, ఆ నూనెతో తలనూనె తయారు చేసి అమ్ముతున్నాం. మా అత్తగారు నేర్పిన పద్ధతిలో, కరివేపాకు నీరంతా ఇగిరిపోయి గలగలలాడే వరకూ కొబ్బరినూనెలో కాచి, చల్లార్చి, పలుచటి గుడ్డతో వడకట్టేవాళ్లం. ఆ నూనెకు ఇప్పటికీ అడిగి కొనుక్కునేవాళ్లున్నారు. అయితే ఒక కాపు ముదురు ఆకుపచ్చగా వస్తే మరో కాపు గోధుమ రంగుకు తిరిగేది. పొయ్యి మంట కాస్త ఎక్కువైతే మాడువాసన వచ్చేది. అన్నింటికంటే నన్ను బాధించిన సంగతి ఏమిటంటే, కాచేటప్పుడు వీధి చివరి దాకా గుబాళించిన కరివేపాకు వాసన సీసాలోకి వచ్చేసరికి సగం కూడా మిగిలేది కాదు. వాసన గాలిలోకి పోతోందంటే ఆకులోని మంచి పదార్థం కూడా దానితోపాటే పోతోందన్న మాట.

దీనికి దారి వెతుకుతూ ముందు రెండు ప్రయత్నాలు చేశాను. ఆవిరి బట్టీలో తీసిన కరివేపాకు తైలం కొన్నాను. వాసన బాగుంది కానీ, ఆవిరితో పైకి లేచే తేలికపాటి పదార్థాలు మాత్రమే అందులో ఉంటాయి. ఆకులో ఉండే మహానింబిన్ వంటి కార్బజోల్ ఆల్కలాయిడ్లనే పదార్థాలు బరువైనవి, ఆవిరితో లేవవు, బట్టీ అడుగున ఆకులోనే ఉండిపోతాయి. తరువాత హెక్సేన్ అనే ద్రావణితో (పదార్థాలను కరిగించుకునే పెట్రోలియం ద్రవం) తీసిన చిక్కటి సారం తెప్పించాను. హెక్సేన్ 69 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతుంది కాబట్టి సారంలో ఏమీ మిగలదని అమ్మినవాళ్లు చెప్పారు గానీ, ఎంత మిగిలిందో చూపించే పరీక్షా పత్రం అడిగితే ఇవ్వలేకపోయారు. పిల్లల తలకు రాసే నూనెలో దానిని కలపడానికి నాకు మనసొప్పలేదు. ఆ తరువాతే, మన డెల్టాలోనే కాలువ గట్టు పక్కన సూపర్ క్రిటికల్ పద్ధతిలో ఆకుల నుంచి సారం తీసిపెట్టే చిన్న యూనిట్ ఒకటి నడుస్తోందని తెలిసి అక్కడికి వెళ్లాను. మెచ్చుకోళ్లతోపాటు ఫిర్యాదులు కూడా రాస్తున్నాను కనుక ఆ యూనిట్ పేరు ఇక్కడ పెట్టడం లేదు. రెండు విడతలుగా ఆకు ఇచ్చి, రెండుసార్లూ దగ్గర నిలబడి చూసిన మనిషిగా, ఇలాంటి సేవ వాడుకోదలచిన మన ప్రాంతపు చిన్న తయారీదారుల కోసం ఇది రాస్తున్నాను.

యంత్రం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది అర్థం కాకుండా అక్కడికి వెళితే డబ్బు పోతుంది. ఇందులో ద్రావణిగా వాడేది కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ). చిన్నప్పుడు పాఠాల్లో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నది అదే, సోడాలో బుడగలై పొంగేదీ అదే. ప్రతి ద్రవానికీ ఒక సందిగ్ధ ఉష్ణోగ్రత, ఒక సందిగ్ధ పీడనం ఉంటాయి. ఆ రెండింటినీ దాటితే అది ద్రవమూ కాదు, వాయువూ కాదు, ఆ స్థితినే సూపర్ క్రిటికల్ అంటారు. ద్రవంలా పదార్థాలను కరిగించుకుంటుంది, వాయువులా సందుల్లోకి చొచ్చుకుపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌కు ఈ హద్దు 31 డిగ్రీల ఉష్ణోగ్రత, సుమారు 74 బార్ల పీడనం. ఐర్లండ్‌కు చెందిన థామస్ ఆండ్రూస్ 1869లోనే దీనిని విశదీకరించాడు. దానితో పరిశ్రమకు పనికొచ్చే పద్ధతిని రూపొందించినది జర్మనీలో కర్ట్ జోసెల్ అనే రసాయన శాస్త్రవేత్త. 1960లలో ఆయన చేసిన పని నుంచే కాఫీ గింజల్లోని కెఫీన్‌ను రసాయన ద్రావణులు లేకుండా తీసే విధానం పుట్టింది. 31 డిగ్రీలంటే మన వేసవి మధ్యాహ్నపు వేడి కంటే తక్కువ. ఆకును ఉడికించకుండా, మాడ్చకుండా సారం తీయగలగడానికి కారణం అదే. కష్టమంతా పీడనం దగ్గర ఉంది. మా ఆకు నడిచింది 250 బార్ల మీద. నిండుగా గాలి కొట్టిన లారీ టైరులో 8 బార్ల దాకా ఉంటుందంటే, దానికి ముప్ఫై రెట్లన్న మాట. ఆ పీడనంలో, 45 డిగ్రీల దగ్గర ఈ వాయువు నీటి సాంద్రతలో 85 శాతం దాకా చిక్కబడి, ఆకులోని నూనెలను ద్రవం లాగానే కరిగించుకుంటుంది. పీడనం దించగానే మళ్లీ మామూలు వాయువై విడిపోతుంది. కరిగినదంతా పాత్ర అడుగున జారిపడుతుంది. ద్రావణి అవశేషం అన్న ప్రశ్నే ఉండదు.

మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి ఇంజనీరు నన్ను దాదాపు గంటసేపు ప్రశ్నలడిగాడు. ఏ ఆకు, ఎక్కడ కోశారు, లేతదా ముదురుదా, ఎలా ఆరబెడతారు, సారాన్ని దేనిలో కలుపుతారు. నేను కరివేపాకుతోపాటు గుంటగలగరాకు, మునగాకు కూడా తీయించాలనుకుని వెళ్లాను. ఆయన ఆ రెండింటినీ ఒప్పుకోలేదు.

"మునగాకు వద్దండి. మీకు కావలసిన క్వెర్సెటిన్ లాంటివి నీళ్లవైపు వెళ్లే పదార్థాలు, సీఓటూ వాటిని ముట్టుకోదు. గుంటగలగర కూడా అంతే. ఆల్కహాల్ కలిపి నడిపితే కొంత వస్తుంది, కానీ దానికి ఇంత ఖర్చు పెట్టడం నష్టమండి. ఆ రెండూ మామూలుగా నీళ్లు, ఆల్కహాల్ కలిపి తీసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి."

చేతికందిన పనిని వద్దని తిప్పి పంపడం నేను చూసిన వ్యాపారాల్లో అరుదు. ఈ యూనిట్‌కు నేనిచ్చే మార్కుల్లో సగం ఆ ఒక్క మాటకే చెందుతాయి. కార్బన్ డయాక్సైడ్ నూనెలోకి కరిగే పదార్థాలకు మంచి ద్రావణి. సువాసన తైలాలు, మైనాలు, కరివేపాకులోని కార్బజోల్‌ల వంటివి దానికి బాగా లొంగుతాయి. తేయాకులోని పాలీఫినాల్స్‌, మునగాకులోని ఫ్లేవనాయిడ్లు లొంగవు. ఈ తేడా చెప్పకుండా ప్రతి ఆకునూ యంత్రంలో పోసేవాడు రెండు మూడు గ్రాముల మైనం చేతిలో పెట్టి బిల్లు రాస్తాడు.

అయినా మొదటి విడత చెడిపోయింది. అందులో నా తప్పుంది, వాళ్ల తప్పూ ఉంది. అది శ్రావణం, ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరికలు వినిపిస్తున్న రోజులు. మా పంచలో నూలు చీరలు పరిచి ఆకు ఆరబోశాను, ఆరు రోజులు రెండు పూటలా తిరగవేశాను. చేతితో నలిపితే ఆకు విరిగింది కాబట్టి ఎండిందనుకున్నాను. ముసురు పట్టిన గాలిలో ఆకు పగలు విడిచిన తేమను రాత్రి తిరిగి పీల్చుకుంటుందన్న సంగతి తెలిసి కూడా తేలికగా తీసుకున్నాను. పైగా ఊళ్లోని పిండిమరలో మెత్తగా పొడి కొట్టించాను. మర రాళ్ల వేడికి పొడి చేతికి వెచ్చగా తగిలింది. అంటే వాసనలో కొంత అక్కడే పోయింది. యూనిట్‌లో 21 కిలోలు తూచి, చిటికెడు పొడిని తేమ కొలిచే తూకంలో పెట్టారు. 15 శాతం చూపించింది. వాళ్లకు కావలసింది 8 నుంచి 10 శాతం లోపు. ఆ సంఖ్య నాకు చెప్పి, ఆకు వెనక్కి తీసుకెళ్లమని చెప్పవలసింది. ఆ రోజు ఇంజనీరు ఊళ్లో లేడు. అక్కడున్న కుర్రవాడు కాగితం మీద 15 అని రాసుకుని, సంచులు లోపలికి పంపేశాడు.

జరిగినది ఇది. పీడనం ఒక్కసారిగా తగ్గే చోట వాయువు గట్టిగా చల్లబడుతుంది. ఆకులోంచి వచ్చిన నీరు ఆ సన్నటి కవాటంలో మంచుగా గడ్డకట్టి దారి మూసేసింది. గొట్టం మీద తెల్లటి మంచు పొర పేరుకోవడం, కుర్రవాడు దాని మీద వేడినీళ్లు పోస్తూ ఉండటం నేను చూశాను. మెత్తటి పొడి యంత్రంలోకి దించే గంపలో గట్టిగా అణిగిపోయి, వాయువు అంతటా సమంగా పారకుండా ఒకటి రెండు దారులు చేసుకుని పోయింది. తీసి చూస్తే గంప మధ్యలో పొడి పాలిపోయి, అంచుల్లో ఇంకా పచ్చగా, వాసనతోనే ఉంది. చివరికి నాకిచ్చిన జాడీలో అడుగున నీరు, పైన నురగలాంటి పసుపు పొర, దాని మీద తైలం. మొత్తం కలిపి 340 గ్రాములు తూగింది, అందులో సగం నీళ్లే. ఇంజనీరు తిరిగి వచ్చాక ఫోన్ చేసి, తప్పు ఒప్పుకుని, సగం డబ్బే తీసుకున్నాడు. "ఆయ్, ఆకు తడిగా ఉందని మా వాడు మీకు చెప్పాల్సిందండి, నేనుంటే దింపనిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. సగం డబ్బు వదులుకోవడం న్యాయమే. నా ఆకు, నా ఆరు రోజుల శ్రమ మాత్రం తిరిగి రాలేదు. ఆకు దింపుకునే చోట తేమ కొలిచినవాడికే కాదనే అధికారం ఉండాలి. అది యజమాని ఒక్కడి చేతిలో ఉంటే ఆయన లేని రోజున ఇలాగే జరుగుతుంది.

రెండో విడతకు మాఘమాసం దాకా ఆగాను. సంక్రాంతి వెళ్లాక మంచు తగ్గి, పొడిగాలి తిరిగాక, తెల్లవారుజాము తడి ఆరిన తరువాత రెమ్మలు కోయించాను. 100 కిలోల రెమ్మల నుంచి ఆకు దూస్తే 62 కిలోలు వచ్చింది. నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, చివరి పూట 45 డిగ్రీల దగ్గర ట్రే డ్రయ్యర్‌లో నాలుగు గంటలు ఉంచి, వేడి తగ్గక ముందే గాలి చొరబడని సంచుల్లో కట్టేశాను. 24 కిలోలు మిగిలింది. పొడి నేను చేయలేదు. యూనిట్‌లోనే బరకగా, రవ్వ మాదిరిగా విరగగొట్టించాను. తేమ 8 శాతం.

ఆ రోజు యంత్రం పక్కన కూర్చుని చూసినది ఇంకా కళ్ల ముందుంది. 25 లీటర్ల ఉక్కు పాత్ర, గోడ నా అరచేయంత మందం. ఆరు కిలోల ఆకు నింపిన గంపను పైనుంచి దింపి, మూత బిగించి, చుట్టూ ఉన్న తొడుగులో వేడినీళ్లు తిప్పారు. సిలిండర్లలోంచి వచ్చే వాయువును ముందు చల్లబరిచి ద్రవం చేసి, దానిని పంపు ఒత్తితే, పీడనం చూపే ముల్లు మెల్లగా 74 దాటి, 150 దాటి, 250 దగ్గర నిలిచింది. ఇరవై నిమిషాల తరువాత ఇంజనీరు రెండో విడదీసే పాత్ర కింది కుళాయి కొద్దిగా తిప్పాడు. ముందు బుస్సుమని వాయువు చప్పుడు, వెంటనే గాజు బీకరులోకి ముదురు తేనె రంగులో, అంచున ఆకుపచ్చ మెరుపుతో, చిక్కటి తైలం చుక్కలు చుక్కలుగా రాలింది. బీకరు చల్లగా ఉంది. తైలంలో చిక్కుకున్న వాయువు బుడగలై పైకి వచ్చి, సోడా చప్పుడు లాంటి సన్నటి చిటపటతో విడిపోయింది. వాసన చూశాను. పోపులో వేసిన కరివేపాకు వాసన కాదది. చెట్టు కింద నిలబడి పచ్చి ఆకును వేళ్లతో నలిపినప్పటి వాసన. ఆరేళ్లుగా సీసాలోకి ఎక్కించాలని నేను కష్టపడినది అదే.

రంగు ఎందుకు అంత పచ్చగా లేదని అడిగాను. ఆకులోని పత్రహరితం ఒట్టి కార్బన్ డయాక్సైడ్‌కు పెద్దగా లొంగదట. ఆల్కహాల్ తోడు చేస్తే పచ్చదనం కూడా దిగుతుందట. తలనూనెకు ఆ పచ్చదనం అవసరం లేదు, పైగా వెలుతురు తగిలితే పత్రహరితం ఉన్న నూనె తొందరగా పాడవుతుంది. కాబట్టి కొనేవాళ్లు ముదురు ఆకుపచ్చ సారమే అసలైనదని భ్రమపడకూడదు.

విడదీసే పాత్రలు రెండు ఉండటం ఈ యూనిట్‌లో నాకు బాగా నచ్చిన మరో అంశం. మొదటి పాత్రలో పీడనాన్ని కొంతమేరకే దించి, చల్లబరిచి, ముందు ఆకు మీది మైనాన్ని గడ్డకట్టిస్తారు. రెండోదానిలో పీడనం 55 బార్ల దాకా దించితే తైలం దిగుతుంది, వాయువు మళ్లీ చల్లబడి ద్రవమై పంపుకు తిరిగి వెళుతుంది. పాత్ర ఒకటే ఉంటే మైనమూ తైలమూ కలిసి పేస్టులా వస్తాయి. దానిని కొబ్బరినూనెలో కలిపితే మబ్బుగా ఉండి, సీసా అడుగున తెట్టు కడుతుంది. విడదీసిన తైలం ఆ ఇబ్బంది పెట్టలేదు.

గంపకు ఆరు కిలోల చొప్పున నాలుగు దఫాల్లో, ఒక్కొక్కటి మూడు గంటల చొప్పున, రెండు రోజుల్లో మొత్తం 24 కిలోలూ పూర్తయ్యాయి. 700 గ్రాముల తైలం వచ్చింది. మైనం ఎంత వచ్చిందని అడిగితే సుమారు 260 గ్రాములు అన్నారు, ఎక్కడుందంటే పారబోశామన్నారు. ఇది నాకు కష్టం కలిగించింది. నా ఆకులోంచి వచ్చిన ప్రతి గ్రామూ నాదే. ఆ మైనంలో వాసన మిగిలే ఉంటుంది, కొబ్బరినూనెతో కరిగించి పాదాల పగుళ్లకు లేపనం చేసుకోవచ్చు. మైనం, సారం తీసిన పిప్పి, తైలం, మూడింటినీ తూచి, మూడింటికీ చీటీ అంటించి ఇవ్వడం ఆనవాయితీ కావాలి. పిప్పి మాత్రం సంచుల్లో భద్రంగా తిరిగి ఇచ్చారు. ద్రావణి మరక లేని పిప్పి కాబట్టి నిశ్చింతగా వానపాముల తొట్టిలో వేశాను. హెక్సేన్‌తో తీసిన పిప్పి అయితే ఆ ధైర్యం చేయలేను.

రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి నలభై నిమిషాలు పని ఆగింది. జనరేటరు పంపుకు సరిపోయింది గానీ చల్లబరిచే యంత్రానికి సరిపోలేదు. పాత్ర పీడనం పట్టి నిలిచింది, ప్రమాదమేమీ జరగలేదు. అయితే ఆ దఫాలో తైలం మిగతా మూడింటికంటే ఇరవై గ్రాముల దాకా తగ్గింది. దానిని వాళ్లే గుర్తించి కాగితం మీద రాసి ఇవ్వడం నిజాయితీగా అనిపించింది.

భద్రత గురించి ఒక మాట. కార్బన్ డయాక్సైడ్ మండదు, ఆ విషయంలో హెక్సేన్ కంటే ఎంతో మేలు. కానీ అది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువైనది, కారితే నేల మట్టంలో పేరుకుని, మనిషికి తెలియకుండానే ఊపిరి అందకుండా చేస్తుంది. ఈ యూనిట్‌లో మోకాలి ఎత్తున వాయువును పసిగట్టే మీటరు, నేల దగ్గర గాలి లాగే ఫ్యాను ఉన్నాయి. పాత్రలోని వాయువును వదిలేటప్పుడు అందరినీ బయటికి పంపారు. ఆ చప్పుడు రైలు ఇంజను ఆవిరి వదిలినట్టు ఉంటుంది. ఇలాంటి చోటికి వెళ్లేవారు యంత్రం కంటే ముందు ఆ మీటరు వెలుగుతోందో లేదో చూడాలని నా కోరిక.

ఇక లెక్క. ఎండుటాకు కిలోకు 700 రూపాయలు, కనీసం 20 కిలోలు ఇవ్వాలి. నా 24 కిలోలకు 16,800 రూపాయలు, పన్ను వేరు. ఆకు, కూలి, డ్రయ్యరు ఖర్చు నావి. 700 గ్రాముల తైలాన్ని లీటరు కొబ్బరినూనెకు 5 గ్రాముల చొప్పున కలిపితే 140 లీటర్లకు వస్తుంది. అంటే యూనిట్‌కు ఇచ్చిన సొమ్ము లీటరుకు 120 రూపాయలు పడింది. పొయ్యి మీద కాచే పద్ధతికి ఇంత కాదు. అందుకే పది ఇరవై లీటర్లు చేసుకునే ఇంటికి ఈ సేవ అక్కరలేదు, కాచిన నూనె చాలు. నెలకు వంద లీటర్లు దాటి, ప్రతి సీసా ఒకేలా ఉండాలనుకునే వారికి ఇది గిట్టుబాటవుతుంది. ఆకు ఇద్దరు ముగ్గురు కలిసి ఇచ్చి, వచ్చిన తైలాన్ని పంచుకోవడం కూడా యూనిట్ ఒప్పుకుంటోంది. ఊరికి ఒకటి రెండు చొప్పున తలనూనె చేసే ఇళ్లున్న కోనసీమకు ఈ ఏర్పాటు సరిపోతుంది. కాకపోతే అందరి ఆకూ ఒకే తేమకు ఆరి ఉండాలి.

తైలాన్ని గోరువెచ్చటి కొబ్బరినూనెలో కలిపితే ఐదు నిమిషాల్లో పూర్తిగా కలిసిపోయింది. చలి ఉదయాల్లో నూనె పేరుకుని, ఎండ తగిలి మళ్లీ కరిగినా తైలం విడిపోలేదు. నాలుగు నెలల తరువాత తెరిచిన సీసాలో కూడా వాసన నిలిచే ఉంది. దీనివల్ల జుట్టు పెరుగుతుందని నేను చెప్పను, సీసా మీద కూడా అలా రాయలేదు. ఆకులో ఉన్నది నూనెలోకి వచ్చింది, అంతవరకే నా మాట. మా అత్తగారికి వాసన చూపిస్తే కాసేపు అలాగే పట్టుకుని, "కాచకుండానే ఇంత వాసనా" అన్నారు. ఆవిడ సొంతానికి మాత్రం ఇప్పటికీ కాచిన నూనే రాసుకుంటారు.

నాకున్న మరో అసంతృప్తి పరీక్షా పత్రం విషయంలో. తైలంలో ఏ పదార్థం ఎంత ఉందో తేల్చే పరీక్షకు యూనిట్‌లో సదుపాయం లేదు. నమూనాను బయటి ప్రయోగశాలకు పంపి తెప్పిస్తారు. ఆ ఖర్చు నేనే పెట్టుకోవాలి, పత్రం రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా ఏ ఉష్ణోగ్రతలో, ఎంత పీడనంలో, ఎన్ని గంటలు నడిపారో రాసిన కాగితమైనా అడగకుండానే ఇవ్వాలి. నేను అడిగితేనే ఇచ్చారు. ఆ కాగితం లేకపోతే వచ్చే ఏడాది అదే తైలం మళ్లీ తీయించుకోవడం కుదరదు.

తరువాతి విడతకు తులసి ఇవ్వాలని మాట్లాడుకున్నాం. అందులోని యూజినాల్ అనే సువాసన పదార్థం ఈ పద్ధతికి బాగా లొంగుతుందని ఇంజనీరు ఒప్పుకున్నాడు. తేదీ మాత్రం ఫాల్గుణం దాటాకే వేయించుకున్నాను. ఈసారి ఒప్పంద కాగితం మీద మూడు మాటలు రాయించాను: తేమ 10 శాతం దాటితే ఆకు దింపుకోకూడదు, మైనం తూచి తిరిగి ఇవ్వాలి, నడిపిన వివరాల కాగితం తైలంతోపాటే రావాలి. మూడింటికీ సంతకం పెట్టారు.